చిటికకి పలికిన ఇల్లు

కొత్త ఫ్లాటులో అడుగుపెట్టగానే హైమావతి హాలు మధ్యకి వెళ్ళి చిటిక వేసింది. జవాబు రాకపోలేదు. వచ్చింది గానీ, ముఖపరిచయం లేనివాళ్ళు పలకరించినట్టు పొడిపొడిగా వచ్చింది.

"ఏం హైమా, అప్పుడే తాళం మొదలెట్టేశావ్? ఇంక పాట కూడా అందుకో," అన్నాడు పురుషోత్తం, అట్టపెట్టె కింద పెడుతూ.

మొగుడు వేళాకోళం ఆడుతున్నాడనుకుని ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు మానేసి ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత కథ జరిగేదే కాదు. కానీ చెప్పాలని ఎందుకు తోస్తుంది? ఊపిరి ఎలా పీలుస్తున్నావని మనల్ని ఎవరూ అడగరు, మనమూ ఎవరికీ చెప్పం. హైమావతికి చిటిక కూడా అలాంటిదే.

ఆమెకి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. చిటిక వేస్తే ఆ చప్పుడు వెళ్ళి గోడకి తగిలి తిరిగొస్తుంది. గోడ దగ్గరైతే గబుక్కున, దూరమైతే తీరుబడిగా. కర్టెను ఉంటే మెత్తగా వస్తుంది, బీరువా ఉంటే గట్టిగా వస్తుంది, తలుపు తీసుంటే అసలు రానే రాదు. ఇది ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఆమె పెరిగిన అంధబాలికల హాస్టల్లో కొందరు పిల్లలు నాలుకతో టక్కుమనిపించేవారు, కొందరు కాలు నేలకేసి కొట్టేవారు, ఈమె చిటిక వేసేది. ఎవరి అలవాటు వాళ్ళది. ఇప్పుడు అదే హాస్టల్లో పిల్లలకి వయొలిన్ నేర్పుతోంది.

పురుషోత్తం వృత్తి కూడా గోడలతోనే. కాకినాడలో ఎవరైనా ఖరీదైన స్పీకర్లు కొని, మద్దెల మోతకి కిటికీలు అదురుతున్నాయనో, మాటలు ముద్దముద్దగా వినిపిస్తున్నాయనో లబోదిబోమంటే అతన్ని పిలిచేవారు. అతను వెళ్ళి, ఫ్యాను ఆపించి, పిల్లల్ని పక్కగదిలోకి తోలి, సోఫాలో కూర్చున్న మనిషి చెవి ఉండే ఎత్తున మైకు నిలబెట్టేవాడు. స్పీకర్లోంచి ఒక కూత బొంగురుగా మొదలై, పాకుతూ పాకుతూ ఈలదాకా పోతుంది. మైకు దాన్ని విని, ఏ స్వరాన్ని గది పెద్దది చేస్తోందో, దేన్ని మింగేస్తోందో చెబుతుంది. అప్పుడు డిజిటల్ ఈక్వలైజర్లో ఎక్కువైనవాటిని తగ్గించి, తగ్గినవాటిని కాస్త ఎత్తేవాడు. "మీ స్పీకరు బంగారంలాంటిదండీ. మీ గదికే నోరెక్కువ," అనేవాడు. స్పీకరు మంచిదన్నాడు కదా, అది చాలు, గదిని ఎన్ని మాటలన్నా ఎవరికీ కోపం వచ్చేది కాదు.

ఆ పనిలోనే అతనికో ఆలోచన పుట్టింది. గది నోరు తగ్గించగలిగినప్పుడు పూర్తిగా మూయించలేమా? మూయించి, దాని బదులు ఇంకో గది చేత మాట్లాడించలేమా? అతనూ, ప్రోగ్రాములు రాసే రజియా అనే అమ్మాయీ కలిసి ఓ పాత సైకిల్ షాపు మేడమీద ల్యాబు పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఆ పని మీదే పడ్డారు. గోడలకీ కప్పుకీ కాగితం మందాన పలకలు అంటిస్తారు. గదిలో ఎవరు మాట్లాడినా, తుమ్మినా, చెంచా జారవిడిచినా, ఆ చప్పుడు గోడకి తగిలి తిరిగొచ్చేలోగా పలకలు ఎదురుశబ్దం పంపి దాన్ని నొక్కేస్తాయి. అదే చప్పుడు మరో ఇంట్లో అయితే ఎలా తిరిగొచ్చేదో అలా పంపిస్తాయి. దానికి గృహశ్రుతి అని పేరు పెట్టాడు.

పెళ్ళయి వచ్చింది మొదలు హైమావతి కాపురం ఒక అద్దె పెంకుటింట్లో సాగింది. పొడుగాటి హాలు, ఎత్తు కప్పు, చివర పెరటి వసారా. వయొలిన్ కమాను ఆపేశాక కూడా స్వరం కాసేపు వాసాల కింద తచ్చాడేది. ఆ ఇల్లు రోడ్డు వెడల్పులో పోతుందని తెలిశాక, ఖాళీ చేసే ముందు పురుషోత్తం దాన్ని కొలిచాడు. హైమావతి ఎప్పుడూ వాయించే చోట, ఆమె కుర్చీలోనే ఆమెని కూర్చోబెట్టి, చెవుల్లో కందిగింజంత మైకులు పెట్టి కూత వేయించాడు. కూత అయ్యేదాకా ఇంట్లో ఎవరూ కిక్కురుమనకూడదు. అది అందరికన్నా కష్టమైంది అతని తల్లి మాణిక్యాంబకి. "నోట్లో నీళ్ళు పోసుకుని కూచున్నానే తల్లీ, గుటకేస్తే అదీ పడిపోతుందేమోనని," అని ఆవిడ ఆ తర్వాత కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఫ్లాటుకి మారాక హైమావతి వయొలిన్ పెట్టె తెరవడం మానేసింది. తెరిచిన ఒక్కసారీ కమాను కాస్త లాగి మూసేసింది. స్వరం పుట్టీ పుట్టగానే గోడ దాన్ని మొహాన విసిరికొడుతోంది. "అగ్గిపెట్టెలో కూచుని వాయిస్తున్నట్టుందండీ," అని ఏడ్చింది. ఆమె హాస్టలుకి వెళ్ళే రోజులు చూసుకుని పురుషోత్తమూ రజియా వచ్చి, పలకలు అంటించడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం ఆమె తలుపు తీసి, "అత్తయ్యా," అని పిలుస్తూ లోపలికొచ్చి, అక్కడే నిలబడిపోయింది. ఆమె గొంతు ఎత్తు కప్పు కిందికి వెళ్ళి, వాసాల మధ్య తిరిగి, పెరటి వసారా వైపు నుంచి మెత్తగా తిరిగొచ్చింది. నేలమట్టమైన ఇల్లు మళ్ళీ లేచి నిలబడింది.

"ఎలా ఉంది?" అన్నాడు పురుషోత్తం. గొంతులో బెరుకు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని భోరుమంది. తర్వాత వయొలిన్ అందుకుని, భోజనాల వేళ దాటిపోయినా ఆపలేదు. మాణిక్యాంబ చారు మళ్ళీ వేడి చేస్తూ, "ఇల్లు పడగొడితే ఏమైంది? నా కొడుకు మూటగట్టి తెచ్చుకున్నాడు," అని ఎదురింటావిడకి వినపడేలా అంది. హైమావతికి పెళ్ళినాడు కూడా అంత సంతోషం కలగలేదు.

మర్నాటి నుంచి దెబ్బలు తగలడం మొదలైంది.

చిటిక వేస్తే ఎదురుగా పొడుగాటి హాలు వినిపించేది. హుషారుగా నడిస్తే గోడ వచ్చి నుదుటికి కొట్టుకునేది. కుడిపక్క గోడ ఉన్నట్టు వినిపించేది, ఆనుకోబోతే అక్కడ బాల్కనీ తలుపు తీసి ఉండేది. కుర్చీలో కూర్చున్నంతసేపూ ఏ లోపమూ లేదు. లేచి నడవబోతే మాత్రం ఇల్లు అబద్ధాలు చెప్పేది. నుదుటి మీద బొప్పేమిటని పురుషోత్తం అడిగితే బీరువా తలుపు తగిలిందంది. మోకాలు చూసి అడిగితే బాత్రూములో జారానంది.

నిజం చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఆ క్షణమే అతను పలకలన్నీ పీకేస్తాడు. ఒకసారి పోయి మళ్ళీ దొరికిన ఇల్లు ఇంకోసారి పోతుంది. దానికి ఆమెకి మనసొప్పలేదు. పైగా అంత ప్రేమగా చేసిపెట్టినదాన్ని బాగాలేదని ఏ మొహం పెట్టుకుని అనడం? గోడ పట్టుకుని నడవడం అలవాటు చేసుకుంటే సరిపోతుందని తనకి తనే సర్దిచెప్పుకుంది.

అలా ఇంట్లోనే గుట్టుగా పోయేదేమో గానీ, ఒకరోజు పురుషోత్తం ఎగురుకుంటూ వచ్చాడు.

"హైమా, మీ హాస్టలువాళ్ళు ఒప్పుకున్నారు! కొత్తగా చేరిన పిల్లలు ఇంటి మీద బెంగతో అన్నం కూడా తినడంలేదట. నీకు చెప్పలేదు గానీ, నేనూ రజియా వాళ్ళ ఊళ్ళకెళ్ళి, ఒక్కొక్కళ్ళ ఇల్లూ కొలుచుకొచ్చాం. ప్రార్థన హాల్లో రోజుకొక పిల్ల ఇల్లు వేస్తాం. ఇది కుదిరిందంటే మాకూ కావాలని మిగతా ఊళ్ళ హాస్టళ్ళు కూడా అడుగుతున్నాయి."

ఆ హాల్లో వరసగా స్తంభాలున్నాయి. భోజనాలగదికి అందులోంచే వెళ్ళాలి. గంట కొడితే పిల్లలు నడవరు, పరిగెడతారు. హైమావతి వెంటనే చెప్పేయాలనుకుంది. కానీ అతను ఆనందంతో తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పుతున్నాడు. రేపు చెబుదాంలే అనుకుంది. రేపు కాస్తా మరో రేపటికి జరిగింది. పని మొదలైపోయింది, పలకలు ఎక్కేశాయి.

ప్రారంభం రేపనగా, మాణిక్యాంబ వంటింట్లోంచి, "హైమా, ఆ తువ్వాలు ఇలా అందుకోవే," అని కేకేసింది. ఆ గొంతు పెరటి వసారాలోంచి వచ్చింది. అంటే అత్తగారు బాగా దూరంగా ఉందన్న మాట. హైమావతి తువ్వాలు తీసుకుని చకచకా నడిచింది. దూరంగా ఉండాల్సిన మనిషి జానెడు దూరంలో, వంటింటి గుమ్మంలోనే, పొగలు కక్కే గంజి గిన్నెతో నిలబడి ఉంది.

గిన్నె కిందపడ్డ చప్పుడు ఆ లేని పెంకుల కింద ఎంతో ఇంపుగా మోగింది. ఆ ఇంపు తలుచుకుంటే హైమావతికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మాణిక్యాంబ పాదం బొబ్బలెక్కింది. డాక్టరు కట్టుకట్టి, భయంలేదు మానిపోతుందన్నాడు. పురుషోత్తం పరుగున వచ్చేసరికి, హైమావతి నోరు తెరిచేలోగానే ఆవిడ అందుకుంది. "నేనే ఒలకబోసుకున్నాన్రా. కళ్ళజోడు పెట్టుకోలేదు." అతను మందుల కోసం వెళ్ళాక కోడల్ని దగ్గరికి పిలిచింది.

"నీ మొహం మీద ఆ బొప్పులేంటని నేను అడగలేదు. ఇప్పుడూ అడగను. కానీ అమ్మాయ్, పెద్దదాన్ని గనక ఒక కాలుతో పోయింది. ఊరుకోవడం నాకు చేతకాని పని, నీకెందుకు వచ్చిందే ఆ జబ్బు?"

రోజంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరే అత్తగారు ఇన్నాళ్ళూ అన్నీ గమనిస్తూ ఒక్క మాట అనలేదని హైమావతికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గు కన్నా పెద్దగా ఇంకోటి పట్టుకుంది. ఆ గిన్నె స్థానంలో స్తంభం, తన స్థానంలో ఏడెనిమిదేళ్ళ పిల్ల.

మర్నాడు పొద్దున హాస్టల్లో పిల్లలు వసారాలో వరసగా నిలబడ్డారు. వార్డెనుగారు పూలు కట్టించారు. లోపల హాల్లో రజియా లాప్‌టాప్ ముందు కూర్చుంది. పురుషోత్తం కొత్త చొక్కా వేసుకున్నాడు, కదిలితే గంజికి గరగరమంటోంది.

"ఏవండీ," అంది హైమావతి. "పిల్లల్ని లోపలికి రానివ్వకండి."

"ఏం? ఇంకా టైముంది, ముందు మనం ఓసారి వేసి చూద్దాంలే."

"అది కాదు. ఈ హాల్లో స్తంభాలకి తగలకుండా నేనెలా నడుస్తానో మీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటి? చిన్నప్పట్నుంచీ తిరిగిన చోటు. అడుగులు లెక్కపెట్టుకుంటావ్."

ఆమె చిటిక వేసింది. "మరి ఇదెందుకు?"

"తాళానికి కదా," అన్నాడు అతను.

ఆ మాటలో వేళాకోళం లేదు. హైమావతి అటూ ఇటూ వెతికింది, ఎక్కడా లేదు. ఇన్నేళ్ళ కాపురంలో తను చిటిక వేసినప్పుడల్లా, వయొలిన్ టీచరు కదా, వేళ్ళు ఊరుకోవనుకున్నాడన్న మాట. ఊరందరి గోడల గొంతూ కొలిచేవాడు, పక్కనున్న పెళ్ళాం గోడలతో మాట్లాడుతోందని కనిపెట్టలేకపోయాడు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అతని మీద జాలేసింది. చెప్పకపోయింది తనే కదా.

"తాళానికి కాదండీ," అంది. "దారికి."

అతనికి ఇంకా అర్థంకాలేదని ఆమెకి తెలిసింది.

"రజియా, ఆ పిల్లల్లో ఎవరి ఇల్లయినా ఒకటి వెయ్యమ్మా. మీరు నన్ను పట్టుకోవద్దు. చూస్తూ ఉండండి."

"అక్కా, ఎందుకు..." అంటూనే రజియా మీట నొక్కింది.

హాలు మాయమైంది. దాని చోట ఏదో ఊళ్ళో తాటాకుల ఇల్లు, దాని ముందు బాగా విశాలమైన వాకిలి. హైమావతి చిటిక వేసింది. చిటిక వాకిట్లోకి వెళ్ళి, ఇంక తిరిగి రాలేదు. ఎదురుగా ఎక్కడో స్తంభం ఉండి తీరాలని మనసుకి తెలుసు. చెవి మాత్రం, దారి ఖాళీగా ఉంది పదమంటోంది. భయమేస్తున్నా, గంట విన్న పిల్ల ఎలా వెళ్తుందో అలా, చిటికలు వేసుకుంటూ గబగబా నడిచింది.

పట్టుకోవద్దన్న మాట పురుషోత్తం నిలబెట్టుకోలేకపోయాడు. స్తంభానికీ ఆమె నుదుటికీ మధ్య చెయ్యి అడ్డం పెట్టాడు. అతని వేళ్ళ కణుపులు రాతికి కొట్టుకున్న చప్పుడు ఆమెకి వినిపించింది. ఆ చెయ్యి తియ్యకుండా అలాగే, అరచేత్తో ఆమె నుదురు తడిమాడు. ఒక బొప్పి, దాని పక్కన ఇంకోటి, మానుతున్నదొకటి.

"బీరువా తలుపు కాదా ఇవి?"

"కాదు."

"అమ్మ కాలు?"

"నేనే."

అతను చెయ్యి దించాడు. తర్వాత, "ఎందుకు చెప్పలేదు హైమా?" అన్నాడు.

"పీకేస్తారని. ఆ ఇల్లు మళ్ళీ పోతుందని. మీరు బాధపడతారని కూడా."

"నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి కొలిచాను," అన్నాడు మెల్లగా. "ఎప్పుడూ అంతే, ఎవరింట్లో అయినా సోఫా దగ్గరే మైకు పెడతాను. ఇల్లంటే కూచుని వినేదే అనుకున్నాను. లేచి నడిచే మనిషి నా లెక్కలోకే రాలేదు. రజియా, ఆపెయ్."

గృహశ్రుతి ఆగింది. హైమావతి చిటిక వేసింది. స్తంభాలు ఒక్కొక్కటే వచ్చి వాటి చోట్లలో నిలబడ్డాయి. ఆమె గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఎవరో టిఫిన్ గంట కొట్టారు. ఆపమనే వ్యవధి కూడా లేకుండా పిల్లలంతా బిలబిలా లోపలికి పరిగెత్తుకొచ్చారు. నాలుకలు టకటకమంటున్నాయి, కాళ్ళు దబదబమంటున్నాయి. ఒక్క పిల్ల కూడా ఒక్క స్తంభానికీ తగల్లేదు.

"ఇదంతా అల్లరనుకునేవాణ్ణి," అన్నాడు పురుషోత్తం. వార్డెనుగారి దగ్గరికి తనే వెళ్ళి, ఇది పనికిరాదండీ, నాదే పొరపాటు అని చెప్పేసి వచ్చాడు. ఏళ్ళ తరబడి కట్టుకున్నది ఒక్క పూటలో పోతే బాధ ఉండదా? ఆటోలో ఇంటికొచ్చేదాకా దెబ్బతగిలిన కణుపులు నిమురుకుంటూనే ఉన్నాడు. కానీ దిగేటప్పుడు, "ఎవరికీ ఏమీ కాలేదు. నాకదే చాలు," అన్నాడు. హైమావతికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో పలకలు పీకడానికి స్టూలు వేసుకుంటే ఆమే ఆపింది. "పీకద్దులెండి. ఆపి ఉంచండి, చాలు."

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె ఫ్లాటుతో పరిచయం చేసుకుంది. పాపం, ఈ ఇంటిని తను ఒక్క రోజు కూడా సరిగ్గా మాట్లాడనివ్వలేదు. వినగా వినగా దీనికీ ఒక గొంతుంది. ఫ్రిజ్ దగ్గర కాస్త బొంగురు, బాల్కనీ తలుపు తీస్తే కుడిపక్కంతా తేలిక, వంటింటి గుమ్మం దగ్గర స్టీలు గిన్నెల గలగల. సన్నటి గొంతే గానీ అబద్ధం ఆడదు. బొప్పులు మానాయి. మాణిక్యాంబ కాలూ మానింది.

కుర్చీ ఆలోచన రజియాది. వయొలిన్ వాయించే కుర్చీ అడుగున ఒక మీట బిగించింది. హైమావతి కూర్చుంటే పాత ఇల్లు వస్తుంది, లేస్తే వెంటనే పోతుంది. వేరే ఎవరైనా గదిలో అడుగేసినా సరే, పోతుంది. వార్డెనుగారు అది విని, అలాంటి కుర్చీ ఒకటి మాకూ చెయ్యండి, బెంగపెట్టుకున్న పిల్లలు వంతులవారీగా కూర్చుంటారన్నారు. పురుషోత్తం ఈసారి ఎగరలేదు. "ముందు పిల్లల్నే అడుగుతానండీ," అన్నాడు.

ఒక ఆదివారం హైమావతి వాయించడం ముగించి, కమాను పెట్టెలో పెట్టి లేచింది. పాత ఇల్లు వెళ్ళిపోయింది. ఇదివరకటిలా గుండె కలుక్కుమనలేదు. చిటిక వేస్తే ఫ్లాటు ఠక్కున పలికింది.

"నాకూ నేర్పు," అన్నాడు పురుషోత్తం. కళ్ళకి తువ్వాలు కట్టుకుని బాల్కనీ దగ్గర నిలబడ్డాడు. ముందసలు చిటిక పడటానికే నానా తంటాలూ పడ్డాడు. పడ్డాక, వేసుకుంటూ, చెవి రిక్కించుకుంటూ, అడుగులో అడుగేసుకుంటూ వంటింటి వైపు బయలుదేరాడు. కాస్త దూరం పోయి గర్వంగా ఆగాడు.

"ఎదురుగా గోడ ఉంది. ఉండు, గట్టిగా లేదు, మెత్తగా వస్తోంది. కర్టెను వేసిన గోడ. అవునా?"

హైమావతి ఒక చిటిక వేసి విని, నవ్వాపుకోలేకపోయింది. "గోడ కాదండీ. అత్తయ్య."

ఈ తమాషా చూడ్డానికి ఇంతసేపూ మళ్ళీ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు నిలబడ్డ మాణిక్యాంబ ఇంక ఆగలేకపోయింది. "గంజి గిన్నెతో ఉన్నాన్రా నాయనా. ఇంకొక్క అడుగు వేశావంటే నా రెండో కాలు కూడా నీకే!"

పురుషోత్తం ఎక్కడివాడక్కడ బిగుసుకుపోయాడు. హైమావతి అతని కళ్ళకున్న తువ్వాలు లాక్కుని, చిటిక వేసుకుంటూ అతన్ని చుట్టి వెళ్ళి, అత్తగారి చేతుల్లోంచి వేడి గిన్నె చుక్క ఒలక్కుండా అందుకుంది.